వచ్చే చెకప్‌లో అడుగుదాంలే అనుకున్న డౌట్లు

36వ వారం, మంగళవారం రాత్రి. ఎడమవైపు తిరిగి పడుకుని ఉన్నా. రోజూ సరిగ్గా ఆ టైమ్‌కే కడుపులో సందడి మొదలయ్యేది, కుడి పక్కటెముకల కింద ఏదో గట్టిగా పెట్టి నెట్టేది, నేను అక్కడ చెయ్యి వేస్తే కాస్త ఆగి మళ్లీ నెట్టేది. ఆ రోజు అది లేదు. అసలు కదల్లేదని కాదు, ఎప్పుడో ఒకసారి నెమ్మదిగా ఒత్తిగిలినట్టు అనిపించింది, అంతే. చెకప్ శుక్రవారం ఉంది. మధ్యలో రెండు రోజులే కదా, అప్పుడు చెబుదాంలే అనుకున్నా. ఆ "అప్పుడు చెబుదాంలే" గురించే ఈ పోస్ట్ రాస్తున్నా, ఎందుకంటే తర్వాత ఎంతమందితో మాట్లాడినా అందరూ ఇదే మాట అన్నారు, ఏదో తేడాగా అనిపించింది కానీ డేట్ దగ్గర్లోనే ఉంది కదా అని ఆగాం అని.

ఆ రాత్రి అమ్మకి చెప్తే, నెలలు నిండాక లోపల చోటు చాలదు, కదలికలు తగ్గుతాయి, మాకూ అంతే అంది. అమ్మ కావాలని తప్పు చెప్పలేదు, ఆవిడకి ఎవరో అలాగే చెప్పారు. కానీ అది నిజం కాదు, ఈ ఒక్క విషయం అందరికీ తెలియాలని నాకు చాలా గట్టిగా ఉంది. చివరి వారాల్లో కదలిక తీరు మారుతుంది, తన్నినట్టు కాకుండా దొర్లినట్టు, సాగదీసినట్టు అనిపించొచ్చు, కానీ ఎన్నిసార్లు కదులుతోంది అనేది తగ్గకూడదు. నొప్పులు మొదలయ్యేదాకా, మొదలయ్యాక కూడా బిడ్డ కదులుతూనే ఉంటుంది. లోపల ఆక్సిజన్ సరిపోకపోతే బిడ్డ చేసే మొదటి పని కదలికలు తగ్గించుకుని శక్తి దాచుకోవడం. అంటే కదలికలు తగ్గడం అనేది బిడ్డ మనకి చెప్పగలిగిన ఒకే ఒక్క మాట, దాన్ని చోటు చాలక అని మనమే కొట్టిపారేస్తున్నాం.

రోజుకి ఇన్నిసార్లు కదలాలి అని అందరికీ సరిపోయే నంబర్ ఏదీ లేదు. కొంతమంది డాక్టర్లు రెండు గంటల్లో పది కదలికలు లెక్కపెట్టమంటారు, లెక్కపెట్టడం అలవాటైతే మంచిదే. అంతకంటే ముఖ్యం ఏంటంటే మీ బిడ్డకి ఒక పద్ధతి ఉంటుంది, 28 వారాల తర్వాత అది మీకే తెలిసిపోతుంది, పొద్దున్న ఎక్కువా, రాత్రి ఎక్కువా, మీరు పడుకోగానే మొదలెడుతుందా అని. ఆ పద్ధతి తప్పితే అదే రోజు ఫోన్ చెయ్యాలి. మాయ (ప్లాసెంటా) ముందువైపు ఉన్నవాళ్లకి మొదట్లో కదలికలు కాస్త మెత్తగా తెలుస్తాయి, అయినా వాళ్లకీ ఒక పద్ధతి ఉంటుంది కాబట్టి రూల్ అదే.

రాత్రంతా నిద్ర లేదు. ఇంట్లో గుండెచప్పుడు వినే చిన్న డాప్లర్ మిషన్ ఆర్డర్ పెడదామా అని మా ఆయన అడిగారు, ఆయన భయం ఆయనది. కొనకపోవడమే మంచిదైంది. నేర్చుకోని చేతికి దాంట్లో వినిపించేది అమ్మ నాడి కావచ్చు, మాయలో రక్తం పారే శబ్దం కావచ్చు, అది విని హమ్మయ్య అనుకుని ఇంట్లో ఉండిపోతాం. పైగా గుండె కొట్టుకుంటోంది అంటే ఆ క్షణానికి కొట్టుకుంటోంది అని మాత్రమే, బిడ్డ బాగుంది అని కాదు.

బుధవారం పొద్దున్నే ఫోన్ చేశా. సిస్టర్ అడిగినవి రెండే, చివరిసారి బాగా కదిలింది ఎప్పుడు, మామూలుకి దీనికి తేడా ఏంటి. నేను శుక్రవారం ఎలాగూ వస్తున్నా కదా అంటుంటే మధ్యలోనే ఆపి, శుక్రవారం కాదమ్మా, ఇప్పుడే రండి, ఫైలు పట్టుకుని రండి అంది.

వెళ్లగానే పొట్టకి రెండు బెల్టులు కట్టారు, ఒకటి బిడ్డ గుండె వేగం కోసం, రెండోది గర్భసంచి బిగుసుకుంటోందా అని చూడ్డానికి, చేతికి ఒక బటన్ ఇచ్చి కదిలినట్టు అనిపించినప్పుడల్లా నొక్కమన్నారు. దీన్నే ఎన్ఎస్‌టీ అంటారు. బిడ్డ గుండె నిమిషానికి 110 నుంచి 160 మధ్య కొట్టుకోవాలి, కదిలినప్పుడు ఆ వేగం కాసేపు పెరిగి మళ్లీ దిగాలి, 20 నిమిషాల్లో కనీసం రెండుసార్లు అలా పెరిగితే బాగున్నట్టు. నా గ్రాఫ్ మొదటి 20 నిమిషాలు దాదాపు ఒకే తీరుగా నడిచింది, ఆ కాగితం మీద గీత చూస్తూ నేను పడిన బాధ మాటల్లో పెట్టలేను. బిడ్డ నిద్రపోతూ ఉండొచ్చు, లోపల ఒక్కో నిద్ర 20 నుంచి 40 నిమిషాలు ఉంటుంది, ఇంకాసేపు చూద్దాం అని సిస్టర్ పక్కనే నిలబడింది. 30వ నిమిషం దాటాక గీత లేచింది. ఇంకాసేపటికి మళ్లీ లేచింది. అప్పటిదాకా బిగబట్టిన ఏడుపు అప్పుడు వచ్చింది.

తర్వాత స్కాన్ చేస్తే ఉమ్మనీరు కాస్త తక్కువగా ఉందని తేలింది. నాలుగు వైపులా కొలిచి కలిపితే 5 సెంటీమీటర్లు లేదా అంతకన్నా తక్కువ ఉంటే తక్కువ కింద లెక్క, నాకు ఆరున్నర, అంటే ఆ గీతకి కాస్త పైన. అప్పటికప్పుడు భయపడాల్సింది కాదు కానీ వదిలేసేదీ కాదు, వారానికి రెండుసార్లు వచ్చి చూపించుకోమన్నారు. వచ్చేముందు నేను సారీ చెప్పా, అనవసరంగా కంగారుపడి వచ్చి మీ టైమ్ తీసుకున్నానేమో అని. సిస్టర్ నా చెయ్యి పట్టుకుని, ఇలా వచ్చి ఏమీ లేదని తెలిసి వెళ్లేవాళ్లే మాకు కావాలమ్మా, రానివాళ్ల గురించే మా భయం అంది. ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తే గొంతు పట్టేస్తుంది.

నాకు ఎందుకు ఆగాలనిపించింది అని తర్వాత చాలా ఆలోచించా. చెకప్ అంటే ఆ డేట్‌కి జరిగేదే అని మన బుర్రలో పడిపోయింది. నిజానికి చివరి మూడు నెలల్లో డేట్లు ఊరికే దగ్గరపడవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందు నాలుగు విజిట్లు చాలనేది, 2016లో దాన్ని ఎనిమిదికి పెంచింది, ఆ ఎనిమిదిలో ఐదు 30, 34, 36, 38, 40 వారాలకే పెట్టింది. ఎందుకంటే బీపీ పెరిగేది, బిడ్డ ఎదుగుదల ఆగేది, అడ్డం తిరిగి ఉందో లేదో తేలేది ఎక్కువగా అప్పుడే. అయినా రెండు విజిట్ల మధ్య ఉన్న రోజులు మనవే, ఆ రోజుల్లో మనల్ని మనం తప్ప ఎవరూ చూడరు.

ఇంకోటి, విజిట్ పది నిమిషాల్లో అయిపోతుంది. బరువు, బీపీ, యూరిన్, టేపుతో పొట్ట కొలత, గుండెచప్పుడు, అయిపోయింది, నెక్స్ట్. ఏది ఎందుకు చూస్తున్నారో తెలిస్తే ఆ పది నిమిషాలకీ విలువ వస్తుంది. టేపు కొలత 24 వారాల నుంచి 36 దాకా సుమారు వారాలతో సమానంగా ఉండాలి, 32 వారాలకి దాదాపు 32 సెంటీమీటర్లు, రెండు అటూ ఇటూ. మరీ తేడా వస్తేనే స్కాన్‌కి పంపిస్తారు. యూరిన్‌లో ప్రోటీన్ చూసేది బీపీతో కలిపి చదవడానికి. బీపీ 140/90 దాటితే ఎక్కువ కింద లెక్క, 160/110 అంటే ఆలస్యం చెయ్యకూడని పరిస్థితి. నాకు 32వ వారంలో ఒకసారి 142/90 వచ్చింది, మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చి వెంటనే కూర్చున్నా కాబట్టి. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూస్తే 124/80. అందుకే బీపీ చూసేముందు ఐదు నిమిషాలు కూర్చోండి, కాలు మీద కాలు వేసుకోవద్దు, యూరిన్‌కి వెళ్లి రండి. రెండోసారి చూడమని అడగటం తప్పేం కాదు.

మా వదిన సంగతి చెప్పాలి. ఆవిడకి 34వ వారంలో అరచేతులు, అరికాళ్లు దురద మొదలైంది, రాత్రిళ్లు మరీ ఎక్కువ, ఒంటి మీద దద్దుర్లు మాత్రం ఏమీ లేవు. పొట్ట సాగుతోంది కదా దురద మామూలే అని అందరూ అన్నారు, రెండు వారాలు క్రీములు రాసుకుంటూ గడిపింది. తర్వాత ఏదో మాటల్లో డాక్టర్‌తో అంటే వెంటనే రక్తపరీక్ష రాశారు, పైత్యరసం ఆమ్లాలు పెరిగాయి, లివర్ సరిగ్గా పనిచెయ్యట్లేదు. ఇది ఎక్కువైతే బిడ్డకి ప్రమాదం, అందుకే ఆవిడకి 37 వారాలు రాగానే నొప్పులు తెప్పించారు. తల్లీ బిడ్డా బాగున్నారు. కానీ ఆ రెండు వారాలు తలుచుకుంటే వదినకి ఇప్పటికీ నిద్రపట్టదు.

అప్పట్నుంచి నేను ఫోన్‌లో నోట్స్ రెండు ముక్కలు చేశా. ఒకటి ఆగగలిగేవి, ఇంకోటి ఆగకూడనివి. గుండెల్లో మంట, నడుం నొప్పి, నిద్ర పట్టకపోవడం, సాయంత్రానికి పాదాలు బరువెక్కడం, బ్యాగ్‌లో ఏం పెట్టుకోవాలి, ఇవన్నీ ఆగుతాయి. ఆగకూడనివి వేరు. రక్తం కనపడటం, నీళ్లు పోవడం, కదలికలు తగ్గడం, ఎంతకీ తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు లేదా మసక, ముఖం చేతులు ఉన్నట్టుండి ఉబ్బడం, పక్కటెముకల కింద పొట్ట పైభాగంలో నొప్పి, జ్వరం, ఆ అరచేతుల దురద, 37 వారాల కంటే ముందే వరసగా వచ్చే నొప్పులు. వీటికి డేట్ చూసుకోవద్దు, టైమ్ కూడా చూసుకోవద్దు. అర్ధరాత్రి ఫోన్ చేస్తే విసుక్కుంటారేమో అని ఆగొద్దు, విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

అడగాల్సినవి ఇంకొన్ని ఉంటాయి, అవి ఫైలులో రాసి ఉన్నాయో లేదో చూసుకోండి చాలు. బ్లడ్ గ్రూప్ నెగెటివ్ అయితే 28 వారాల దగ్గర వేసే యాంటీ-డి ఇంజెక్షన్ పడిందా, హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువుందా, పుట్టగానే బిడ్డకి కోరింత దగ్గు రాకుండా అమ్మకి వేసే టీకా వేశారా, 36 వారాలకి తల కిందకి ఉందా. నెలలు నిండాక కూడా వందలో మూడు నాలుగు బిడ్డలు ఎదురుకాళ్లతో ఉంటాయి, అలా ఉంటే పొట్ట మీద నుంచి చేత్తో తిప్పే పద్ధతి ఒకటి ఉంది, అది మీకు పనికొస్తుందా లేదా అని డాక్టర్‌ని అడగండి. పడుకోవడం గురించి కూడా, 28 వారాల నుంచి వెల్లకిలా కాకుండా పక్కకి తిరిగి నిద్రపోవడం మంచిది. మధ్యలో మెలకువొచ్చి వెల్లకిలా ఉన్నారని తెలిస్తే భయపడక్కర్లేదు, మళ్లీ తిరిగి పడుకోండి అంతే.

స్కాన్‌లో చెప్పిన బరువు పట్టుకుని బాధపడొద్దు, అది అంచనా మాత్రమే, పది పదిహేను శాతం అటూ ఇటూ మామూలే. మాకు 3.2 కిలోలు అన్నారు, పుట్టాక తూస్తే 2.9. డ్యూ డేట్ కూడా అంతే. చివరి పీరియడ్ మొదటి రోజు నుంచి 280 రోజులు లెక్కేసి ఇచ్చిన తేదీ అది, సరిగ్గా ఆ రోజునే పుట్టేవాళ్లు వందలో ఐదుగురు కూడా ఉండరు. డేట్ దగ్గరపడితే చుట్టాల ఫోన్లు మొదలవుతాయి, ఇంకా కాలేదా అని, ఆ ఫోన్లు మా ఆయనకి ఇచ్చేశా. 41 వారాలు వస్తే మాత్రం నొప్పులు తెప్పించడం గురించి డాక్టర్‌తో మాట్లాడాలి, 42 దాకా ఊరికే కూర్చోవడం మంచిది కాదు.

మనసు గురించి ఎవరూ అడగరు, ఆ పది నిమిషాల్లో దానికి చోటుండదు. నాకు చివరి నెలలో పొద్దున్నే లేవగానే ఏడుపొచ్చేది, కారణం ఉండేది కాదు. సిస్టర్‌కి చెప్పాకే అది కూడా చెకప్‌లో చెప్పాల్సిన విషయమని తెలిసింది. మీకూ అలా ఉంటే బీపీ గురించి చెప్పినంత మామూలుగా చెప్పండి.

దొంగ నొప్పులు నాకు రెండుసార్లు వచ్చాయి, లేచి నడిస్తే తగ్గిపోయాయి. అసలైనవి నడిచినా పడుకున్నా తగ్గవు, దగ్గరదగ్గరగా, గట్టిగా అవుతూ పోతాయి. ఐదు నిమిషాలకోసారి, ఒక్కోటి ఒక నిమిషం, అలా గంటసేపు వస్తే బయల్దేరమని నాకు చెప్పారు. రెండో కాన్పు అయినా, హాస్పిటల్ దూరమైనా అంతసేపు ఆగక్కర్లేదు.

నా విషయంలో నొప్పులకంటే ముందే నీళ్లు పోయాయి. 38 వారాల రెండో రోజు, తెల్లవారుజామున మూడు కావస్తోంది, ధారలా కాదు, కొంచెం కొంచెంగా, యూరిన్ ఏమో అనుకునేలా. మర్నాడే విజిట్ ఉంది. నేను ప్యాడ్ పెట్టుకుని రంగు చూసి, తెల్లగానే ఉంది, పచ్చగా లేదు, అప్పుడే ఫోన్ తీశా. ఈసారి శుక్రవారం, శనివారం ఏమీ మాట్లాడలేదు, బయల్దేరుతున్నాం సిస్టర్ అన్నా. సాయంత్రం ఐదింటికి పాప పుట్టింది.

మర్నాటి విజిట్‌లో అడుగుదామని రాసుకున్న లిస్ట్ ఇంకా ఫోన్‌లో ఉంది. ఆగగలిగేవాటి కింద మూడు డౌట్లు, మూడోది, రోజూ రాత్రి కుడి పక్కటెముకల కింద నెట్టేది కాలా, మోకాలా అని. ఇందాక పాలు పట్టి ఒళ్లో పడుకోబెట్టుకుంటే కాలు చాపి నా చేతిని నెట్టింది, అదే బలం, అదే ఆగి మళ్లీ నెట్టడం. మడమ.