2,490 రూపాయల సీసాలో ఆరు చుక్కలు

మొహానికి రాసుకునే సీరమ్ ఒకటి చూద్దామని షాపుకెళ్లి నాలుగు రోజులైంది, ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. మోచేతి మడతలో దద్దుర్లు కూడా ఉన్నాయి, అది తర్వాత చెబుతాను.

సిరిమాను ఉత్సవం దగ్గరపడింది. మా విజయనగరంలో పైడితల్లమ్మ పండగంటే ఇంటినిండా చుట్టాలే, వాళ్లలో వైజాగ్ తోటికోడలు ఒకతి. పోయినసారి నా బుగ్గల మీద మంగు చూసి, "ఆర్గానిక్ సీరమ్ వాడక్కా, మీ ఊళ్లో దొరుకుతుందో లేదో మరి" అంది. మొదటి ముక్కకి బాధలేదు, రెండోదే గుచ్చుకుంది. దొరుకుతుంది తల్లీ. 30 ఎం.ఎల్. సీసా 2,490 రూపాయలు, అంటే ఎం.ఎల్. 83. ప్రైవేటు స్కూల్లో సైన్స్ చెప్పే నాకది ఐదు రోజుల జీతం.

రేటు కనుక్కోవడం, ఫోన్లో రివ్యూలు చదవడం అరగంటలో అయిపోయాయి. అందరూ ఐదు స్టార్లు ఇచ్చినవాళ్లే, ఒక్కరూ ఎన్నాళ్లు వాడారో రాయలేదు.

ఇక షాపు. స్కూలు వదిలాక కాంప్లెక్స్ దగ్గర బస్సు దిగి ఎండలో గంటస్తంభం వైపు నడిచి వెళ్లాను, చెమట కారిపోతోంది. కౌంటర్ దగ్గర ఇరవై ఏళ్ల గుంట "ఫ్రీ స్కిన్ టెస్ట్ మేడమ్" అని స్టూలు మీద కూర్చోబెట్టి, చెంపకి చిన్న కెమెరా ఆనించింది. స్క్రీన్ నా వైపు కాదు, షాపులోకి తిప్పి ఉంది. "మీ స్కిన్ ఏజ్ 51 మేడమ్" అని గట్టిగా చదివింది. నాకు 39. వెనకాల బిందీలు ఏరుకుంటున్నావిడ మా ఎనిమిదో తరగతి పిల్లాడి అమ్మ. "అలా కనబడరు లెండి టీచర్ గారూ" అంది. ఆ ఓదార్పు కంటే 51 నయం.

అక్కడే లేచొచ్చేస్తే నేనెందుకు సైన్స్ టీచర్ని? కర్చీఫుతో మొహం తుడుచుకుని, ఏసీ కింద పావుగంట కూర్చుని, మళ్లీ పెట్టమన్నాను. ఈసారి 43! ఒక్క కర్చీఫుతో ఎనిమిదేళ్లు తగ్గాను. ఆ పిల్ల తడుముకోలేదు. "చూశారా మేడమ్, ఏసీకే ఇంత తగ్గితే సీరమ్‌కి ఎంత తగ్గుతుందో!" దాని తెలివికి దండం పెట్టాలి.

అట్టపెట్టె ఇమ్మన్నాను. "వెనకాల చదవడానికేముంది మేడమ్, అంతా నేచురలే" అంది. ఫొటో తీస్తుంటే మేనేజరొచ్చి ఫొటోలు తీయకూడదన్నాడు. అందులో ఏమేం కలిపారో డబ్బా మీద రాయాలన్నది రూలు, రాసింది కొనేవాళ్లు చదవడానికే కదా అని క్లాసులో వాడే గొంతుతో అన్నాను. తీయనిచ్చాడు. ఒక చిన్న శాంపిల్ కూడా ఇచ్చాడు, నేను వెళ్లిపోతే చాలనుకున్నాడేమో.

ఇంటికొచ్చి ఫొటో జూమ్ చేశాను. బీఎస్సీ కెమిస్ట్రీ ఊరికే చదవలేదు. ఎక్కువ ఉన్నది ముందు, తక్కువది తర్వాత రాస్తారు, ఒక శాతం లోపువి ఎలాగైనా రాసుకోవచ్చు. మొదట నీళ్లు, తర్వాత గ్లిజరిన్, కలబంద, ఆ తర్వాత ఫినాక్సీఇథనాల్. ఇది పాడవకుండా కలిపేది, ఒక శాతం దాటకూడదు. దాని తర్వాత వచ్చింది డబ్బా ముందు బొమ్మేసి ఊరించిన కుంకుమపువ్వు సారం, రోజ్‌హిప్ నూనె. అంటే ఒక్కోటీ ఒక శాతం లోపే, సీసా మొత్తానికి మహా అయితే ఆరు చుక్కలు. ఫినాక్సీఇథనాల్ కలపడం తప్పని అనను, నీళ్లున్నదానికి ప్రిజర్వేటివ్ లేకపోతే బూజు పడుతుంది. కానీ అది ఫ్యాక్టరీలో తయారయ్యే రసాయనం, మరి ముందువైపు "నూరు శాతం ఆర్గానిక్" అని ఎలా వేశారు? ఆర్గానిక్ తిండి సరుకులకైతే జైవిక్ భారత్ అనే ముద్ర ఉంటుంది, ఇలాంటివాటికి కాస్మోస్, ఎకోసర్ట్ లాంటి ప్రైవేటు సర్టిఫికెట్లు ఉంటాయి. దీని మీద ఉన్నది ఆకు బొమ్మ.

చివర్లో లావెండర్ నూనె కూడా ఉంది. నేచురల్ అయితే పడుతుందని ఎవరన్నారు? శాంపిల్‌ని రోజూ మోచేతి మడతలో రాస్తే మూడో రోజుకి ఎర్రగా దద్దుర్లు లేచాయి. మొహానికి రాసుంటే సిరిమానుకి ముసుగేసుకుని వెళ్లేదాన్ని. మీరు ఏది కొన్నా ముందు రోజూ చేతికి రాసి వారం పది రోజులు చూడండి, షాపుకి మాత్రం చెమట మొహంతో వెళ్లకండి. మంగుకి ముందు సన్‌స్క్రీన్, మిగతావన్నీ తర్వాతే అని స్కిన్ డాక్టరు ఒక్క ముక్కలో చెప్పారు. అది కొన్నాను, సీరమ్ కొనలేదు.

రేటు విని మా అత్త, "ఓలమ్మో, నూనెకా!" అని శాంపిల్ సీసా లాక్కుంది. రెండు రాత్రులుగా పగిలిన మడమలకి రాసుకుంటోంది. మెత్తబడ్డాయట. తోటికోడలొచ్చినప్పుడు ఈ సంగతి ఎత్తొద్దని బతిమాలుకున్నాను, నవ్వుతోందే తప్ప మాటివ్వడం లేదు.