అడుగుకు అంగుళం

గుణుపురం (ఒడిశా), మార్గశిర మాసం, ఆదివారం

సంక్రాంతి కొలువులో బొమ్మలన్నీ మెట్ల మీద వరుసగా నిలబడి ఉండటం నా మేనకోడలికి నచ్చలేదు. వీటికి ఇల్లు లేదా, రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటాయి అని నిరుడు అడిగింది. పెద్దవాళ్లం నవ్వి మరిచిపోయాము గాని అది మరవలేదు. మొన్నటి కార్తీక పౌర్ణమి నుంచి చడీచప్పుడు లేకుండా సామగ్రి కూడబెడుతూ వచ్చింది. ఇవాళ అన్నయ్యా వదినా పర్లాకిమిడిలో పెళ్లికి వెళ్తూ దాన్ని నా దగ్గర దింపగానే, తెచ్చిన సంచీని కుట్టుమిషను పక్కన బోర్లించింది. అగరొత్తులు కాలిపోగా మిగిలిన పుల్లలు, చీపురు ఈనెలు, ఐస్‌క్రీం పుల్లలు, నీళ్ల సీసాల మూతలు, టూత్‌పేస్టు మూతలు, మాత్రలు అయిపోయిన అట్టలు, పాత శుభలేఖలు అందులో ఉన్నాయి. వాటితోపాటు బెండుతో చేసిన ఒక పడవ కూడా ఉంది. పౌర్ణమి తెల్లవారుజామున ఇక్కడి ఒడియా వాళ్లతోపాటు మనవాళ్లూ వంశధారలో దీపాల పడవలు వదులుతారు. ఈ పిల్ల మాత్రం తన పడవను నదికి ఇవ్వనని మొండికేసి వెనక్కి తెచ్చుకున్నదట. ఎందుకో ఇవాళ తెలిసింది.

ఇంటి గోడలకు మా మిక్సీ వచ్చిన అట్టపెట్టె సరిపోయింది. కత్తెర పట్టుకునే ముందు నేను ఒక్క నియమం చెప్పాను: అసలు ఇంట్లో అడుగు ఉన్నది మన ఇంట్లో అంగుళం ఉండాలి. కొలువులోని ఏటికొప్పాక కొయ్యబొమ్మ 5 అంగుళాల పొడవుంది కాబట్టి అది ఐదడుగుల మనిషి. ఆమెకు మంచం 6 అంగుళాలు, గుమ్మం 6 అంగుళాల పైచిలుకు, గోడ 10 అంగుళాలు. బొమ్మల ఇళ్లు కట్టేవాళ్లు ఎక్కువగా పాటించే కొలత ఇదే. ఢిల్లీలో రాష్ట్రపతి భవనానికి రూపకల్పన చేసిన ఎడ్విన్ లటియెన్స్ ఇంగ్లండు రాణి మేరీ కోసం కట్టించిన బొమ్మల ఇల్లు కూడా, 1924లో పూర్తయి ఇప్పుడు విండ్సర్ కోటలో ఉన్నది, అడుగుకు అంగుళం చొప్పునే ఉంటుంది. అందులో కుళాయి తిప్పితే నీళ్లు వస్తాయని చెప్పాను. అలా చెప్పి ఉండవలసింది కాదని తరువాత అనిపించింది, ఎందుకంటే మన ఇంట్లో ఎప్పుడు వస్తాయని సాయంత్రం దాకా అడుగుతూనే ఉంది.

కొలత ఒకటి నిలబడ్డాక ఇంట్లోని వస్తువులన్నీ వేరుగా కనిపించడం మొదలైంది. అగ్గిపెట్టె రెండడుగుల భోషాణం. నీళ్ల సీసా మూత అడుగు వెడల్పున్న బేసిను. టూత్‌పేస్టు మూత చెంబు. ఐస్‌క్రీం పుల్ల నాలుగున్నర అడుగుల పలక కనుక తలుపుకు చాలదు, కిటికీ రెక్కలకు చక్కగా సరిపోతుంది. అగరొత్తి పుల్లలు కిటికీ ఊచలయ్యాయి. మంచం పట్టెలకు పొడవైనవి కావలసి వచ్చి విరిగిపోయిన విసనకర్ర కాడను చీల్చాను. వాటి మధ్య గోధుమరంగు దారంతో నులక అల్లడానికి నాకే గంటకు పైగా పట్టింది, అయినా ఇంట్లో అన్నిటికంటే బాగా కుదిరిన వస్తువు అదేనని నా అభిప్రాయం.

అట్టతో పని చేసేటప్పుడు దాని స్వభావం తెలుసుకోవాలి. పెట్టె అట్టలో రెండు కాగితాల నడుమ అలల్లాంటి మడతలుంటాయి. ఆ మడతలు నిలువుగా ఉండేలా గోడను కోస్తే బరువు మోస్తుంది, అడ్డంగా కోస్తే కప్పు పెట్టగానే నడుము విరుగుతుంది. మూల తిప్పవలసిన చోట పైకాగితాన్ని మాత్రమే బ్లేడుతో గీసి వంచితే అంచు సూటిగా వస్తుంది. మైదా జిగురుతో కాగితం ఒక్క వైపే అంటిస్తే ఆరేకొద్దీ అది బిగుసుకుని గోడను తనవైపు లాగేస్తుంది కనుక, లోపల శుభలేఖ అంటించిన ప్రతి గోడకూ వెలుపల పాత నోటుపుస్తకం కాగితం అంటించాము. పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలిపే పద్ధతి పూర్వం ఉండేది; అది విషం, పిల్ల వేళ్లు నోట్లోకి పోతాయి కాబట్టి ఆ ఊసే ఎత్తలేదు.

కప్పు విషయంలో అదృష్టం కలిసివచ్చింది. అట్టను తడిగుడ్డతో కాస్త తుడిచి పైకాగితాన్ని ఒలిచేస్తే లోపలి మడతలు బయటపడతాయి. టేపుతో కొలిచి చూస్తే మడతకూ మడతకూ మధ్య పావు అంగుళం పైన రవంత ఉన్నది. మన వైపు ఇళ్ల మీద వేసే ఇనప రేకుల మడతలు సుమారు మూడు అంగుళాలకొకటి ఉంటాయి, అంటే మా లెక్కలో సరిగ్గా పావు అంగుళం. అట్టపెట్టె తయారుచేసినవాడు ఎరగకుండానే మాకు రేకులషెడ్డు ఇచ్చాడు. పొయ్యి బూడిదను జిగురునీళ్లలో కలిపి రంగు వేశాము.

గుడ్డల దగ్గర నాకు ఎదురులేదనుకుంటాను, కుట్టుపనిచేసే ఇల్లు కనుక ముక్కలకు కొదవ లేదు. పిల్ల మాత్రం పట్టుచీర అంచుముక్క తీసి తెర కట్టమంది. ఆ అంచులోని పువ్వు అంగుళంన్నర ఉంది. బొమ్మ ఇంట్లో అది ఒకటిన్నర అడుగుల పువ్వవుతుంది, కిటికీ నిండా ఒక్క పువ్వే ఉంటుంది. చివరకు ఒక జాకెట్టుకు మిగిలిన సన్నచుక్కల వాయిలు ముక్క తీశాను. గుడ్డను ఎంత చిన్నగా కత్తిరించినా దాని దారం చిన్నది కాదు కనుక తెర కిందికి వాలకుండా రేకులా నిక్కి నిలబడుతుంది. దానికి ఉపాయం గంజి. ముక్కను పలచని గంజిలో ముంచి, సన్నటి కుచ్చిళ్లు పెట్టి, గుండుసూదులతో దిండుకు గుచ్చి ఎండలో పెడితే ఆరాక కుచ్చిళ్లు అలాగే వాలి నిలుస్తాయి.

గోడ వెలుపలికి ఎర్రమట్టి పూశాము. అది ఆరుతుండగా పిల్ల సవర గిరిజనుల బొమ్మలు వేద్దామంది. బడి ప్రహరీ మీద ఎర్రరంగు పూసి తెల్లగా వేసిన గుర్రాలు, చెట్లు, చేతులు పట్టుకుని ఆడే మనుషులు దానికి రోజూ కనిపించేవే. నాకు మనసు రాలేదు. పుట్టాసింగి వైపు లాంజియా సవరల ఇళ్లలో ఆ బొమ్మలు అలంకారం కోసం వేసేవి కావు. ఎవరికైనా జబ్బు చేసినప్పుడో, పంట కోసమో, పోయిన పెద్దల కోసమో పూజారి చెప్పిన మీదట బియ్యప్పిండితో గోడ మీద వేస్తారు. దాన్ని ఇడితాల్ అంటారు. చుట్టూ గీసే చతురస్రం వట్టి అంచు కాదు, వచ్చే దేవతకో పితృదేవతకో అదే ఇల్లు. ఆ మాట వినగానే పిల్ల కళ్లు పెద్దవి చేసి, అయితే అదీ బొమ్మరిల్లేనా అత్తా అంది. కాదని చెప్పగలిగాను గాని ఎందుకు కాదో దానికి నచ్చేలా చెప్పలేకపోయాను.

పక్కింటి ఒడియా మౌసి గడపలో గురువారం నాటి లక్ష్మీపూజకు బియ్యప్పిండితో వేసిన ఒడియా ముగ్గు, ఝొటి, ఇంకా చెరగలేదు. వరికంకులు, చిన్నచిన్న పాదాలు. మౌసి సంతోషంగా పిండి కలిపి ఇచ్చి, అగ్గిపుల్ల కొనతో ఎలా అద్దాలో చూపించింది. అంగుళం గడపకు పాదం రవ్వంత ఉండాలి, నా కళ్లద్దాలకు అది అందలేదు, పిల్లే వేసింది. వాకిట్లో మాత్రం చుక్కల ముగ్గే ఉండాలని నేను పట్టుబట్టాను, ధనుర్మాసం రాబోతోంది కదా. బెండు పడవను కోసి తులసికోట చేసి, అందులో మరువపు రెమ్మ గుచ్చాము. అది రెండిళ్లవాళ్లకూ చెల్లుతుంది.

తగువు వంటింట్లో వచ్చింది. మట్టిపొయ్యి, చెంబు, బేసిను అన్నీ కొలత ప్రకారం అమర్చి నేను అటు తిరిగేసరికి, పిల్ల తన లక్కపిడతలు తెచ్చి నిండా పేర్చింది. ఒక్కొక్కటి రెండంగుళాలు. రెండడుగుల గిన్నెలతో ఆ ఒంటరి మనిషి ఏం వండుతుందమ్మా అన్నాను. "పెళ్లి భోజనాలు అత్తా. అమ్మా నాన్నా వెళ్లింది దానికే కదా. చిన్న గిన్నెలో వండితే ఊరందరికీ సరిపోతుందా?" అంది. పెళ్లివారి గుండిగ రెండడుగులు ఉండే మాట నిజమే. నా నియమం ప్రకారమే నన్ను ఓడించింది కాబట్టి పిడతలు అక్కడే ఉన్నాయి, పొయ్యి వాకిట్లోకి వచ్చింది.

ముందు గోడ వద్దని కూడా అదే తేల్చింది, చెయ్యి పట్టాలి కదా అని. మాత్రల అట్ట వెనుక రేకును గరిటె వెనుక భాగంతో రుద్ది చేసిన అద్దాన్ని గోడకు తగిలించి ఇక లేద్దామనుకుంటుండగా, బాత్‌రూం ఎక్కడ అని అడిగింది. సబ్బు పెట్టె నిలబెట్టి చూశాము, మూడున్నర అడుగులే అయింది, బొమ్మ తల బయటికి వస్తోంది. అటక మీది టీ పొడి పెట్టె కొలిస్తే ఏడు అంగుళాల ఎత్తు, నాలుగంగుళాల వెడల్పు. బల్ల మీద పెడితే కట్టించినట్టే ఉంది. పొడి అయిపోయే దాకా ఆగుదామన్నాను. ఇప్పటికిప్పుడు స్టీలు డబ్బాలో పోసేయమంది. పోశాను.