చిన్నపిల్లల చేతికి పంట ఇస్తే

సెప్టెంబరు వచ్చిందంటే అమెరికాలోని ఓహైయోలో మా ప్రీస్కూలు గదిలోకి గుమ్మడికాయలు, ఆపిల్స్, ఎండిన మొక్కజొన్న కండెలు, రాలిన మేపుల్ ఆకులు వచ్చి చేరతాయి. నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ పండుగ దాకా మూడు, నాలుగేళ్ల పిల్లలతో మా పనంతా వాటితోనే. నేనక్కడ అసిస్టెంట్ టీచర్‌ని. పలమనేరు పక్కన సేద్యం చేసే ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి, ఏడాది మొత్తంలో నాకు బాగా ఇష్టమైన పని ఇదే.

ఒక్క గుమ్మడికాయ ఉంటే వారం గడిచిపోతుంది. ముందు బ్రష్షులు, సబ్బునీళ్లు ఇచ్చి కడగమంటాం. తర్వాత గోల్ఫ్ బంతిని నిలబెట్టే చిన్న చెక్క మేకులను బొమ్మ సుత్తితో దాంట్లోకి దిగ్గొట్టిస్తాం. కంటికీ చేతికీ పొత్తు కుదరడానికి ఇంతకంటే మంచి పని నేను చూడలేదు. పైభాగం కోసి ఇస్తే చేతులు లోపలికి పెట్టి గుజ్జు లాగుతారు. కొందరికి ఆ జిగురు పడదు. వాళ్లను బలవంతం చేయం, చెంచా ఇస్తాం. గింజలు కడిగి కుప్పలు పెట్టి లెక్కపెడతారు. ఖాళీ డొల్లను ఆవరణలో ఓ మూల వదిలేస్తే, అది బూజుపట్టి, కుంగి, మట్టిలో కలిసిపోవడాన్ని రోజూ వెళ్లి చూస్తారు. ఆపిల్‌ను అడ్డంగా కోస్తే నడుమ నక్షత్రం కనిపిస్తుంది. దాన్ని రంగులో ముంచి కాగితం మీద అద్దుతారు. ఎలా వచ్చినా మేం దిద్దం.

బియ్యానికి రంగులేసి టబ్బులో పోసి ఆడించడం మాత్రం నాకు మింగుడుపడదు. తిండిని ఆటకు వాడొచ్చా అనే వాదన అక్కడి టీచర్లలోనూ ఉంది. మెతుకు కింద పడితే తొక్కనివ్వని ఇంట్లో పెరిగానని మా లీడ్ టీచర్‌కు చెప్పాను. ఆవిడ అర్థం చేసుకుంది. ఇప్పుడు మా టబ్బులో ఎండుటాకులు, కండెల పొట్టు, పైన్ కాయలు ఉంటాయి.

మా ఊరి పంటను ఆ పిల్లలకు చూపించాలని ఎంతో ఉండేది. కానీ చెనిక్కాయ, అంటే వేరుశనగ, మా తరగతిలోకి రాకూడదు. కొందరు పిల్లలకు దాని అలర్జీ ప్రాణం మీదికి తెస్తుంది. అమెరికా చట్టం ప్రధాన అలర్జీ కారకాలుగా చెప్పే తొమ్మిదింటిలో అదొకటి. 2023 జనవరి నుంచి నువ్వులూ ఆ జాబితాలోకి వచ్చాయి.

ఈ నవంబరులో సెలవు పెట్టి చిత్తూరు వచ్చాను. మా పిన్ని కూతురు ఇక్కడ ప్లేస్కూలు నడుపుతోంది. వెళ్లి చూస్తే గోడ నిండా మేపుల్ ఆకులు, నారింజరంగు గుమ్మడికాయలు. నెట్‌లోంచి ప్రింట్ తీసి పిల్లలతో రంగులు నింపించింది. జూన్, జూలైలో వానకు వేసిన చెనిక్కాయ పీకేది సరిగ్గా ఈ రోజుల్లోనే. ఊరు దాటితే చేలల్లో పని జరుగుతుంటే, పిల్లలు ఎన్నడూ చూడని ఆకుకు రంగులేస్తున్నారు. నాకు చాలా బాధనిపించింది.

మామ చేలోంచి మట్టి దులపని చెట్లు తెప్పించాం. పువ్వు పైన పూస్తుంది, ఊడ భూమిలోకి దిగుతుంది, కాయ అక్కడ కాస్తుంది. ఇదంతా ఒక్క చెట్టు పట్టుకుని చూపించొచ్చు. చెట్టు విదిలించి, కాయలు తెంచి, ఒంటి గింజవి, రెండు గింజలవి, మూడు గింజలవి వేరు చేయమన్నాం. గట్టి కాయ ఒలవడానికి బొటనవేలు, చూపుడువేలు పడే శ్రమే రేపు పెన్సిలు పట్టుకోవడానికి పనికొస్తుంది. ఖాళీ తొక్కలను జిగురుతో అట్టకు అంటించుకున్నారు.

సాయంత్రం ఒక తల్లి, "చొక్కా నిండా మన్ను పూసుకోనుండాడు, ఈ పొద్దు ఏం చదువు చెప్పినారు మేడం?" అని అడిగింది. చెల్లెలు పిల్లవాణ్ణే పిలిచి కుప్పలు చూపించమంది. వాడు ఆగకుండా చెబుతూ పోయాడు.

జాగ్రత్త మాత్రం తప్పదు. మూడేళ్లలోపు పిల్లల దగ్గర చిన్న గింజలు ఉంచనేకూడదు. నాలుగేళ్లు నిండేదాకా చెనిక్కాయ గింజలు పలుకులుగా తినడానికి ఇవ్వకూడదు, గొంతుకు అడ్డం పడతాయి. గింజను ముక్కులో దూర్చుకునే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. అందుకే నలుగురైదుగురిని కూర్చోబెట్టుకుని, ఒక పెద్దమనిషి కళ్లముందే చేయించాలి. అలర్జీ ఉందేమో ఇక్కడా తల్లిదండ్రులను ముందే అడగాలి.

"ఇవి గోడకు పెట్టేదానికి ఏం బాగుంటాయక్కా, అన్నీ ఒంకర్లే" అంది చెల్లెలు తొక్కల అట్టలు చూసి. అలాగే పెట్టించాను, ఎవరి పేరు వాళ్ల అట్ట కింద రాసి. ముదిరి కూరకు పనికిరాని బెండకాయను అడ్డంగా కోసి అద్దితే ఆపిల్ కంటే అందమైన పువ్వు పడుతుంది. రావి ఆకును కాగితం కింద పెట్టి క్రేయాన్‌తో రుద్దితే ఈనెలన్నీ తేలతాయి. సంక్రాంతి రోజుల్లో అనపకాయలు వస్తే, నానిన గింజలను పెద్ద తరగతి పిల్లలతో పితికించమని చెప్పాను. పితికిన పప్పు ఆ మధ్యాహ్నమే వాళ్లకు కూర చేసి పెడతానంది చెల్లెలు.