పదహారు ఎగిరిపోయిన బిల్లు

పదకొండున్నర. పిల్లలు పడుకున్నారు. మా ఆవిడ పడుకున్నట్టు నటిస్తోంది, నేను లైటు ఆపలేదని. ఆపుతాను. ముందు ఈ కేబుల్ సంగతి ఎక్కడో ఒకచోట కక్కేయాలి.

మా అమ్మాయి పండు సైన్స్ ఎగ్జిబిషన్ గోల ఇది. పోయిన వారం అగ్నిపర్వతం అంది. ఈ వారం మేడ మీద ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగిపోయే ఏర్పాటు చేస్తానంది. మా ట్యాంకు పొంగి కింది పోర్షన్ వాళ్లు ఆరేసుకున్న బట్టల మీద పడ్డ ఘనచరిత్ర ఉంది కాబట్టి నేనూ సరేనన్నాను. శనివారం కోఠి వెళ్లి గుజరాతీ గల్లీలో ఒక ఆర్డ్యునో నానో బోర్డు (ప్రోగ్రామ్ ఎక్కించి లైట్లూ మోటార్లూ నడిపించే బుల్లి బోర్డు; అసలుది కాదు, దాని నకలే, టైప్ సీ పోర్టు ఉన్నది), వైర్లు గుచ్చుకునే చిల్లుల బ్రెడ్‌బోర్డు, గుప్పెడు జంపర్ వైర్లు, ఒక రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) పట్టుకొచ్చాను. కేబుల్ కొనలేదు. ఇంట్లో కేబుళ్లకేం కరువు, ఏ డ్రాయర్ లాగినా పాముల పుట్టే కదా!

ఈ రోజు ఆరున్నరకి కూర్చున్నాం. బోర్డు ల్యాప్‌టాప్‌కి తగిలించగానే దాని మీద చిన్న ఎర్ర లైటు వెలిగింది. పండు చప్పట్లు కొట్టింది. ఆ లైటే మా కొంప ముంచింది. లైటు వెలిగింది కాబట్టి కేబుల్ మంచిదే అనుకుని మిగతావాటన్నిటి మీదా పడ్డాం. డివైజ్ మేనేజర్‌లో బోర్డు తగిలిందని చూపించే కామ్ పోర్టు లేదు. బోర్డు మీది యూఎస్‌బీ చిప్పుకి కావాల్సిన సీహెచ్ 340 డ్రైవర్ వేశాం, తీసేశాం, మళ్లీ వేశాం. మూడుసార్లు రీస్టార్ట్. పోర్టు మార్చాం. నకిలీ బోర్డు అంటగట్టాడని ఆ కొట్టతన్ని నోటికొచ్చినట్టు తిట్టాను, పాపం. ఎనిమిదింటికి ఆవిడ వంటింట్లోంచి వస్తూ, "అది మీ ట్రిమ్మర్‌తో వచ్చిన వైరు కదూ, దాంతో నా ఫోన్లో ఫొటోలు ఎక్కించబోతే ఎప్పుడూ ఎక్కవు" అని, చేతిలో ఉల్లిపాయతో సహా వెళ్లిపోయింది.

నిజమే. కత్తెర తెచ్చి ఆ కేబుల్‌ని మధ్యకి కోసేశాను. చూద్దామని పండు అడిగింది అని నా వాదన, కోపంతో కోశాడని పండు వాదన. లోపల రెండే తీగలు, ఎరుపూ నలుపూ. అంటే అయిదు వోల్టులూ, గ్రౌండూ. డేటా పోవాల్సిన తెల్లదీ, ఆకుపచ్చదీ అసలు లేనే లేవు. పైకి చూస్తే అచ్చం మిగతా కేబుళ్లలాగే ఉంటుంది, దాని మీద "చార్జింగుకి మాత్రమే" అని అచ్చు వేయడానికి ఎంతవుతుంది? నాలుగు పైసలు? ఆ నాలుగు పైసలు మిగుల్చుకుని నా గంటన్నర తిన్నారు. ఇలాంటి కేబుళ్లు అమ్మేవాళ్ల ఇళ్లలో... సరే, రాయను. బీపీ మాత్ర వేసుకున్నాక ఇంత కోపం మంచిది కాదు.

కేబుల్ మార్చగానే కామ్ 5 అని వచ్చింది. అక్కడితో అయిందా, లేదు. ప్రోగ్రామ్ ఎక్కించబోతే "నాట్ ఇన్ సింక్" అంటూ పదిసార్లు ఎర్రక్షరాలు. ఇంకో ఇరవై నిమిషాల తర్వాత తెలిసింది, ఈ నకలు బోర్డుల్లో చాలావాటికి పాత బూట్‌లోడరే (మనం పంపే ప్రోగ్రామ్‌ని లోపలికి తీసుకునే చిన్న ప్రోగ్రామ్) ఉంటుంది, ప్రాసెసర్ దగ్గర "ఓల్డ్ బూట్‌లోడర్" అని మార్చాలి. పాతది నిమిషానికో మాట మాట్లాడే ముసలాయనలాంటిది, 57,600 వేగం. మనం 1,15,200 వేగంతో వాగుతుంటే దానికేం అర్థమవుతుంది.

మార్చాం. లైటు సెకను వెలిగి, సెకను ఆరింది. బాగుంది.

ఇదంతా చూస్తూ నా మనసులో ఏం నడిచిందో దాచుకోకుండా రాస్తాను: వీళ్లకి అన్నీ అరచేతిలో పెట్టి ఇస్తున్నారు, మేం అలా కాదు, మాకు గుండె ధైర్యం ఉండేది అనుకున్నాను. మా రోజుల్లో కంప్యూటర్‌కి బయటి సర్క్యూట్ తగిలించాలంటే వెనక ప్రింటర్ పోర్టే గతి. ఇరవై అయిదు చిల్లులు. 2 నుంచి 9 దాకా డేటా, 18 నుంచి 25 దాకా గ్రౌండు. టర్బో సీ అనే ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్‌లో అవుట్‌పోర్ట్ అని రాసి, 378 అడ్రసు ఇచ్చి, 1 పంపితే మొదటి ఎల్ఈడీ, 2 పంపితే రెండోది, 4, 8, 16... అలా 128 దాకా. మధ్యలో ఏ ఫ్యూజూ లేదు, అడిగేవాడూ లేడు. మన తీగకి నేరుగా మదర్‌బోర్డే.

ఈ గొప్పలు పండుకి చెబుతూ ఉండగానే అది ఎర్ర వైరు తీసుకెళ్లి నల్ల వైరు వరసలో గుచ్చింది. లైటు ఆరింది. యూఎస్‌బీ పోర్టులో పవర్ సర్జ్ అని స్క్రీన్ మీద వచ్చింది. ఇంకా ఆరు వాయిదాలు కట్టాల్సిన ల్యాప్‌టాప్! నేను వేసిన కేక కింది పోర్షన్ దాకా వినిపించి ఉంటుంది. అప్పటికే పండు వైరు లాగేసి చెబుతోంది: "నాన్నా, నేనే. ఎర్రది నల్లదాని వరసలో పెట్టేశా." నేను వినలేదు. ఇంకా అరుస్తూనే ఉన్నాను. ల్యాప్‌టాప్‌కి ఏమీ కాలేదు, ఆ పోర్టుకి తన జాగ్రత్త తనకుంది, కరెంటు ఎక్కువ లాగగానే ఆపేసింది. రీస్టార్ట్ చేస్తే మామూలైపోయింది.

సరిగ్గా ఆ అరుపుల మధ్యలోనే నాన్న రోజువారీ ఫోను. ఎత్తింది చిన్నోడు, స్పీకర్లో పెట్టాడు. "ఏం కాలిందిరా?" అన్నారు. ఏం కాలేదు నాన్నా, పండు వైరు తప్పు పెట్టింది, తీసేశాం అన్నాను. "మరి దాని మీద అరుస్తావెందుకు? చెప్పింది కదరా" అన్నారు. తర్వాత తెనాలిలో ఎండల గురించి, మామిడికాయల గురించి.

చెప్పింది కదరా. "చెప్పింది" అనే మాటని కొంచెం ఒత్తారా? లేక నాకే అలా వినబడిందా? కేబుల్ గురించి రాయాలని కూర్చున్నాను గానీ నిద్ర పట్టనివ్వనిది ఇదే అనుకుంటా.

2001 వినాయక చవితి. మా ఇంటి పక్కనే పందిరి. దానికి పరిగెత్తే లైట్లు కంప్యూటర్‌తో నడుపుతానని ఫ్రెండ్స్ దగ్గర కోతలు కోశాను. కంప్యూటర్ నాది కాదు, ఎరువుల కొట్టు బిల్లుల కోసమని నాన్న బ్యాంకు లోనుతో కొన్నది. ముందుగదిలో ఉండేది, కిటికీలోంచి తీగలు పందిట్లోకి లాగొచ్చని నా ప్లాను. విజయవాడ వెళ్లి రిలేలు నడపడానికి యూఎల్ఎన్ 2003 చిప్పులు రెండు, ఎనిమిది రిలేలు, పన్నెండు వోల్టుల అడాప్టర్ తెచ్చాను. అట్టముక్క మీద సర్క్యూట్. ఎనిమిది ఎల్ఈడీలతో పరీక్ష చక్కగా నడిచింది. ఇక రిలేలు తగిలిస్తుంటే, అర్ధరాత్రి, అడాప్టర్ తాలూకు ప్లస్ తీగ చేతిలోంచి జారి ఆరో పిన్ను మీద పడింది. చప్పుడు లేదు, పొగ లేదు. కంప్యూటర్ మామూలుగానే నడుస్తోంది. అయిదో లైటొక్కటే ఇంక వెలగలేదు. తీగలన్నీ చుట్టి మంచం కింద తోసి పడుకున్నాను. బయట ఉరుములు.

పొద్దున్నే కొట్లోంచి నాన్న వచ్చారు, చేతిలో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ బిల్లు. కంప్యూటర్ ఇంట్లో, కొట్టు పక్క వీధిలో, రాత్రి లెక్క పొద్దున్నే ప్రింట్ తీసుకెళ్లడం ఆయన అలవాటు. "ఇదేంట్రా, చూడు" అన్నారు. ఇంగ్లీషులో యూరియా అని పడాల్సిన చోట ఈ, బీ, ఈ, ఏ అని ఉంది. డీఏపీలో డీ, ఏ బాగానే ఉన్నాయి, పీ బదులు ఎట్ గుర్తు. 1 ఉండాల్సిన చోట ఆశ్చర్యార్థకం, 5 ఉండాల్సిన చోట శాతం గుర్తు. సున్నాలు మాయం. రైతు ఎంత కట్టాలో దేవుడికే తెలియాలి.

నాకూ తెలుసు. చూసిన క్షణంలోనే తెలిసింది. ఆరో పిన్ను అంటే అయిదో ఎల్ఈడీ, విలువ 16. కంప్యూటర్‌కి ప్రతి అక్షరమూ ఒక అంకె కోడే. ఏ అక్షరం కోడులో పదహారు ఉందో దాంట్లోంచి అది ఎగిరిపోయి పడుతోంది. యూ కోడు 85, పదహారు పోతే 69, అది ఈ. నేను చేసిన తప్పు అక్షరాలుగా మారి నాన్న చేతిలో వణుకుతోంది, దాన్ని చదవగలిగినవాణ్ణి ఊళ్లో నేనొక్కణ్ణే. "రాత్రి ఉరుములకి ఏదో అయ్యుంటుంది నాన్నా" అన్నాను.

గుంటూరు నుంచి మెకానిక్ వచ్చాడు. పిడుగైతే ఫోను తీగలోంచి వచ్చి ముందు మోడెం పోవాలి గానీ, మోడెం నిక్షేపంలా ఉండి ప్రింటర్ పోర్టు పోవడమేంటండీ అన్నాడు. నాన్న నా వైపు చూడలేదు. చూడకపోవడం నాకు బాగా గుర్తు. కంప్యూటర్ లోపల గుచ్చే, ఇంకో ప్రింటర్ పోర్టు ఉన్న పీసీఐ కార్డు దొరికేసరికి పది రోజులు పట్టింది. సరిగ్గా ఖరీఫ్ రద్దీ. ఆ పది రోజులూ కార్బన్ కాగితం పెట్టి చేత్తో రాశారు బిల్లులు. పందిట్లో మామూలు సీరియల్ సెట్టే వేలాడదీశాం.

అందుకని ఇందాక రాసిన ధైర్యం ముక్క కొట్టేయాలి. కొట్టేయను, ఉండనీ. ధైర్యమేంటి, నాలుగో మాటకి ఉరుముల మీదకి తోసేసిన వెధవని. ఫ్యూజు లేదని చెప్పాను చూడండి, అదొక్కటే నిజం.

నాన్నకి ఆ రోజే తెలుసా? తెలిస్తే ఇరవై ఏళ్లు పైబడి ఒక్కసారైనా ఎత్తకుండా ఉంటారా? ఉంటారు, ఆయన అలాంటి మనిషే. లేదా ఏమీ గుర్తులేదేమో, మనవరాలి మీద ప్రేమకొద్దీ అన్న మాటని నేను ఇంత దూరం లాగుతున్నానేమో. రేపు ఫోన్లో అడగొచ్చు. ఏమని అడగాలి, బిల్లు గుర్తుందా అనా? స్పీకర్లో పెట్టడానికి చిన్నోడు సిద్ధంగా ఉంటాడు కూడా. ఊరెళ్లినప్పుడు చూద్దాం.

పండుకి సారీ చెబుదామని ఇందాక వెళ్తే అది నిద్రపోతోంది. కోసేసిన కేబుల్ రెండు ముక్కలూ టేబుల్ మీద, బ్యాండ్ ఎయిడ్ చుట్టి, దాని మీద స్కెచ్ పెన్నుతో "నాన్న కోపం" అని రాసి ఉంది. ఎగ్జిబిషన్‌లో పెడుతుందట, వాళ్లమ్మ కళ్లు మూసుకునే చెప్పింది. లైటు కూడా ఆపమంది, మూడోసారి.