పోపుల డబ్బాల్లో స్క్రూలు సర్దుకున్నాక

2024 సెప్టెంబరు 1, ఆదివారం. విజయవాడలో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్‌లోని మా కొట్టులోకి వస్తుంటే నేను ముందు పైకెక్కించుకున్నవి డ్రిల్లు మిషను, కట్టింగు మిషను, చార్జర్లు. స్క్రూల డబ్బాలు కింద అరల్లోనే వదిలేశాను. ఇనుమే కదా, తడిస్తే తుడుచుకోవచ్చు అనుకున్నాను. నీళ్లు తీసి షట్టరు ఎత్తాక ఒక్కో డబ్బా మూత తీస్తుంటే కడుపులో దేవినట్టయింది. జింకు పూత ఉన్న స్క్రూల మీద తెల్లటి పిండి, దాని కింద ఎర్రటి తుప్పు, మధ్యలో బురద. వందల స్క్రూలు ఒకదానికొకటి అతుక్కుని చిమ్మిలి ముద్దలా బయటికి వచ్చాయి.

నేను చేసేది కప్‌బోర్డుల పని, తలుపులు, తాళాలు, కర్టెను రాడ్లు, గోడకి ఏది బిగించమన్నా బిగించే పని. సగం పని కొట్టులో, సగం జనాల ఇళ్లల్లో. పదిహేనేళ్లుగా నా స్క్రూలన్నీ హార్లిక్స్ సీసాల్లో, నెయ్యి డబ్బాల్లో, పెరుగు కప్పుల్లో ఉండేవి. దేన్లో ఏముందో నాకు తెలుసు అనుకునేవాణ్ణి. మా కుర్రాడికి మాత్రం తెలిసేది కాదు. "అన్నా, అది ఎక్కడుంది?" అని రోజుకి ఇరవైసార్లు అడిగేవాడు.

ఆ బురద ముద్దల్ని డీజిల్లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్షుతో రుద్ది, డాబా మీద పట్టా పరిచి వడియాల్లా ఎండబెట్టాం. నాలుగు సాయంత్రాలు పట్టింది. అప్పుడు నేర్చుకున్న పని ఒకటి చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. పాత స్పీకరు నుంచి తీసిన అయస్కాంతాన్ని ఒక పాలిథీన్ కవర్లో పెట్టి, కుప్ప మీద తిప్పాలి. మామూలు ఇనప స్క్రూలన్నీ కవరుకి బయటివైపు అంటుకుంటాయి. ఇంకో పళ్లెం మీదికి తెచ్చి కవరుని లోపలిది బయటికి వచ్చేలా తిరగేసి, అయస్కాంతాన్ని వెనక్కి లాగేస్తే అన్నీ ఒక్కసారి కవర్లో పడతాయి. అయస్కాంతానికి పొడి అంటదు, చేతులు గీరుకోవు. స్టెయిన్‌లెస్ స్టీలు, ఇత్తడి సరుకు పట్టా మీదే మిగిలిపోతుంది. 304 రకం స్టీలు స్క్రూలు కొన్ని కాస్త అంటినట్టే అంటి జారిపోతాయి, వాటిని చేత్తో ఏరుకోవాలి.

అలా ఏరుతుంటే నాకు నిజంగా బాధేసిన సంగతి బయటపడింది. మూడంగుళాల చెక్క స్క్రూలు మూడు వేర్వేరు డబ్బాల్లో కలిపి రెండు గ్రోసుల పైన ఉన్నాయి. అంటే మూడొందలకి దగ్గర. ఏడాదికి నేను వాడేది ముప్పై ఉంటాయేమో. రోజూ కావలసిన 16 ఎంఎం కప్‌బోర్డు స్క్రూలు మాత్రం పిడికెడు. ఉన్నవి కనబడక మళ్లీ కొన్నాను, మళ్లీ కొన్నవాటిని ఇంకో డబ్బాలో పోశాను. వరద రాకపోతే ఈ లెక్క నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

అంతకుముందు ఏడాది పటమటలో జరిగింది కూడా ఆ పట్టా ముందు కూర్చున్నప్పుడే గుర్తొచ్చింది. ఒక అపార్టుమెంటులో ఐదో అంతస్తులో ఇనప మంచం బిగిస్తున్నాను. ఫ్రేముకి లోపల ఎం8 నట్లు, అంటే మెట్రిక్ కొలతలో 8 ఎంఎం బోల్టు పట్టేవి, వెల్డింగు చేసి ఉన్నాయి. నాలుగో బోల్టు తక్కువైంది. నా సంచిలోంచి అదే లావున్న బోల్టు తీసి పెట్టాను. వేలితో రెండు చుట్లు తిరిగింది, తర్వాత బిగుసుకుంది. రంగు అడ్డుపడిందనుకుని స్పానరు వేసి తిప్పాను. కరకరమని లోపల థ్రెడ్డు, అంటే మర పళ్లు, మొత్తం పోయింది. అది ఎం8 కాదు, ఫైవ్ బై సిక్స్‌టీన్ అంగుళాల బోల్టు. దాని లావు 7.94 ఎంఎం, ఎం8ది 8 ఎంఎం. కంటికి తేడా ఏం తెలుస్తుంది? కానీ ఎం8కి ఒక్కో పంటికీ మధ్య దూరం 1.25 ఎంఎం, అంగుళాల దానికి అంగుళానికి 18 పళ్లు, అంటే 1.41. రెండు చుట్ల దాకా సర్దుకుపోయి మూడోదాని దగ్గర కొరుక్కుంటాయి. మర్నాడు మళ్లీ వెళ్లి, 8.5 ఎంఎం బిట్టుతో రంధ్రం పెద్దది చేసి, ఎం10 ట్యాపుతో కొత్త థ్రెడ్డు కోసి వేరే బోల్టు బిగించాను. మంచం గట్టిగానే ఉంది. కానీ మూడు బోల్టులు ఒకలా, ఒకటి లావుగా. ఆ ఇంటి పెద్దావిడ దాన్ని చూసి, "కొత్త మంచం కదా బాబూ" అని ఊరుకున్నారు. తిట్టినా బాగుండేది.

అందుకని సర్దుడు మొదలుపెట్టినప్పుడు ముందు చేసింది డబ్బాలు కొనడం కాదు, కొలత పలక. జానెడు అల్యూమినియం పట్టీ మీద వరసగా ఎం4, ఎం5, ఎం6, ఎం8, ఎం10 బోల్టులు నిలబెట్టి బిగించాను, ప్రతిదాని పక్కన దాని నట్టు. కింది వరసలో పావంగుళం, ఫైవ్ బై సిక్స్‌టీన్, త్రీ బై ఎయిట్. మెట్రిక్ వరసకి నీలం రంగు, అంగుళాల వరసకి ఎరుపు. ఊరూపేరూ తెలియని బోల్టు ఏది దొరికినా ఈ పలక మీద నట్టులో తిప్పి చూడాలి. రెండు చుట్లు ఎక్కితే చాలదు, వేళ్లతోనే నట్టు అవతలికి తేలాలి. బోల్టు తల మీద 8.8 అని గుద్ది ఉంటే అది గట్టిరకం మెట్రిక్ అని సులువుగా తెలిసిపోతుంది. చాలావాటి మీద ఏమీ ఉండదు, పలకే గతి. మా కుర్రాడు ఇప్పుడు నాకంటే వేగంగా తేలుస్తాడు.

కొట్టులో సర్దడం పెద్ద కష్టం కాలేదు. ఐదు లీటర్ల ఖాళీ ఇంజనాయిలు డబ్బాలు ఆటోనగర్‌లో మెకానిక్కుల దగ్గర అడిగితే ఇస్తారు. ముందువైపు ఏటవాలుగా కోసి, సబ్బునీళ్లతో కడిగి, అరల్లో పక్కపక్కన పేర్చాను. ఇక్కడ లెక్క సైజు ప్రకారమే: లావు, తర్వాత పొడుగు. మెట్రిక్ అంతా ఎడమ గోడ, అంగుళాలు కుడి గోడ. రెండూ ఒకే అరలో ఉండకూడదని గట్టిగా పెట్టుకున్నాను. పేరు రాసిన కాగితాలు అతికిస్తే నూనె చేతులకి నెలలో చెరిగిపోతాయి, అందుకని ప్రతి డబ్బా ముఖానికి అందులోని స్క్రూనే ఒకటి గ్లూ గన్నుతో అతికించాను. చదవక్కర్లేదు, చూస్తే చాలు. వాషర్లు, నట్లు మాత్రం డబ్బాల్లో పోయలేదు, సైజువారీగా బైండింగు వైరుకి గుచ్చి మేకులకి వేలాడదీశాను. మా తాతగారు ఎడ్లబండి సామాను అలాగే ఉంచేవారు. అన్నిటికంటే కింది అర ఇప్పుడు నేలకి ఛాతీ ఎత్తున ఉంది. ఎందుకో సింగ్‌నగర్‌లో ఎవరికీ చెప్పక్కర్లేదు.

అసలు తలనొప్పి బయటి పనుల దగ్గరే. ముందు బజార్లో దొరికే గళ్ల ప్లాస్టిక్ పెట్టె కొన్నాను. గళ్లన్నీ ఒకే సైజు. వంద కావలసిన స్క్రూకీ అంతే చోటు, నాలుగు కావలసిన బోల్టుకీ అంతే చోటు. గళ్ల మధ్య అడ్డపలకలు అడుక్కి పూర్తిగా ఆనవు, పల్చటి వాషర్లు కిందనుంచి పక్క గడిలోకి దూరిపోయేవి. పైగా కొట్టులోలాగే సైజు వరసలో నింపాను. ఒక చిన్న తలుపు బిగించాలంటే పెట్టెలో ఐదు మూలలు వెతకాలి. మొగల్రాజపురంలో ఒక పనికి వెళ్తే గోడ రంధ్రంలో దూర్చే ప్లాస్టిక్ ప్లగ్గులున్నాయి, వాటికి సరిపోయే స్క్రూలు లేవు. లిఫ్టు పనిచేయడం లేదు. నాలుగంతస్తులు దిగి, బండేసుకుని కొట్టుకొచ్చి, మళ్లీ ఎక్కాను.

ఆ రాత్రి అన్నం దగ్గర కూర్చుని ఇదంతా చెప్తుంటే మా ఆవిడ చారుకి పోపు వేస్తోంది. పోపుల డబ్బా మూత ఒక్కసారి తీసింది, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, మెంతులు అన్నీ ఆ చేత్తోనే పడ్డాయి, మూత పెట్టేసింది. ఆవాల సంచీ అటక మీదుంది, మిరపకాయల డబ్బా ఇంకెక్కడో ఉంది. "ఏవండీ, వంటకి ఏది కావాలో అది ఒకచోట ఉండాలిగానీ, గింజల సైజు చూసి సర్దుతామా?" అంది. నేను అన్నం తినడం ఆపి ఆ డబ్బా వైపే చూస్తూ కూర్చున్నాను.

వన్‌టౌన్‌లో స్టీలు సామాన్ల కొట్టులో ఏడు గిన్నెల పోపుల డబ్బాలు మూడు కొన్నాను. మొదటిది కప్‌బోర్డుల డబ్బా. అందులో బందులకి 3.5 లావు, 16 ఎంఎం పొడుగు చిప్‌బోర్డు స్క్రూలు. బోర్డు 18 ఎంఎం ఉంటుంది గనక అవతలికి పొడుచుకు రావు. పిడులకి ఎం4 స్క్రూలు రెండు పొడుగుల్లో: ఒక్క బోర్డుకి 25, డ్రాయరు ముఖం రెండు బోర్డులు కలిసి 36 ఎంఎం అవుతుంది గనక దానికి 45. మిగతా గిన్నెల్లో డ్రాయరు చానల్ స్క్రూలు, అర పలకల పిన్నులు, రబ్బరు బొడిపెలు. రెండోది గోడ డబ్బా: 6 ఎంఎం ప్లగ్గులు, వాటికి 4 లావు స్క్రూలు, 8 ఎంఎం ప్లగ్గులు, వాటికి 5 లావు స్క్రూలు, యాంకరు బోల్టులు, వాషర్లు, ఏడో గిన్నెలో ఆ రెండు సైజుల డ్రిల్లు బిట్లూ. బిట్టు స్క్రూలతోపాటే ఉండాలి, విడిగా ఉంటే మర్చిపోతాం. మూడోది తలుపులు, తాళాలు, గేట్లు.

మొదటిరోజు మంగళగిరి వెళ్లాను. ఎక్సెల్ బండి ముందు పెట్టుకుని వారధి దాటి వెళ్లి అక్కడ మూత తీస్తే ఏడు గిన్నెలూ కలిసిపోయి ఉన్నాయి. వంటింట్లో డబ్బా కదలదు, బండి మీద ప్రతి స్పీడు బ్రేకరుకీ ఎగురుతుంది. గిన్నెల అంచుకీ పైమూతకీ మధ్య వేలు పట్టేంత సందుంది. చెప్పులు కుట్టేచోట దొరికే మెత్తటి ఫోము షీటుని గుండ్రంగా కోసి మూత లోపల అతికించాను, రెండు పొరలు. మూత నొక్కితే ఫోము గిన్నెల మీద అణిగి కూర్చోవాలి. మూతకీ డబ్బాకీ కలిపి సైకిలు ట్యూబు ముక్క రబ్బరుబ్యాండులా వేశాను. మళ్లీ కలవలేదు.

ఎన్ని పోసుకోవాలన్నదానికీ ఒక లెక్క కుదిరింది. ఒక బందుకి నాలుగు స్క్రూలు, ఒక తలుపుకి రెండు బందులు, చిన్న వంటింట్లో పది తలుపులు వేసుకుంటే ఎనభై. కనక ఆ గిన్నెలో వంద. ప్రతి గిన్నె లోపల సగానికి మా ఆవిడ గోళ్ల రంగుతో ఒక గీత గీశాను. గీత కనబడిందంటే ఆ రాత్రి కొట్టులోంచి నింపాలి. ఈ నింపే పని మా కుర్రాడిది. ఏ గిన్నెలో ఏం నింపాలో ఇప్పుడు అడగడు.

స్టెయిన్‌లెస్ స్క్రూలు మాత్రం ఈ మూడింట్లోనూ కలపను. సింకు దగ్గర, గీజరు దగ్గర అవే వేస్తాను, ఒక చిన్న సీసాలో కొంచెం గ్రీజుతోపాటు ఉంటాయి. స్టీలు బోల్టుకి స్టీలు నట్టు పొడిగా పెట్టి మిషనుతో జోరుగా తిప్పితే మధ్యలో పట్టేసి కదలదు, కోసి తీయాల్సిందే. పంటి మీద చిటికెడు గ్రీజు రాసి నెమ్మదిగా తిప్పితే ఆ బాధ ఉండదు.

ఇంకో చిన్న డబ్బా విడిగా ఉంది, పాత స్క్రూలకి. ఎవరింట్లో ఏది ఊడదీసినా అది గిన్నెల్లోకి పోదు, ఆ డబ్బాలోకే. ఆదివారం పొద్దున్న పలక ముందు కూర్చుని, బాగున్నవి కొట్టు అరల్లోకి, తల అరిగినవి పాత ఇనుము సంచిలోకి. అరగంట పని.

మొన్న గుణదలలో ఆరో అంతస్తు పని. పన్నెండు తలుపుల బందులు మార్చి, రెండు కర్టెను రాడ్లు బిగించి, సాయంత్రం దాకా ఒక్కసారి కూడా కిందికి దిగలేదు. బాల్కనీలో స్టీలు పళ్లెం కింద ఆ స్పీకరు అయస్కాంతం పెట్టుకుని, ఊడిన స్క్రూలు అందులో వేస్తే ఒక్కటి దొర్లి కింద పడలేదు. ఆలెన్ కీలకి, ఇరుసు జారకుండా పట్టే సర్క్లిప్పు రింగులకి మాత్రం ఇంకా సరైన చోటు దొరకలేదు, సంచి జేబులోనే గలగలలాడుతున్నాయి. నాలుగో డబ్బా కొంటే బండి మీద పట్టదు, గోడ డబ్బాలో యాంకర్లు తగ్గించి చూడాలి.