అక్కయ్యపాలెం అద్దింట్లో నల్లుల బెడద: నా అనుభవం

విశాఖలో ఒంటి మీద దద్దురు లేస్తే ఎవరైనా ముందు దోమల్నే తిట్టుకుంటారు. మేమూ అదే చేశాం. కిటికీలకు మెష్ కొట్టించాం, రాత్రంతా దోమల మందు పెట్టుకున్నాం. దురద మాత్రం తగ్గలేదు. తర్వాత నింద రొయ్యల మీదకి పోయింది. "నీకు పడట్లేదేమో, కొన్నాళ్లు మానెయ్యమ్మా" అన్నారు అత్తయ్య. ఆదివారం ఇంటిల్లిపాదీ రొయ్యల ఇగురు తింటుంటే నేను చారన్నం తిన్నాను. ఆ ఉక్రోషం ఇప్పటికీ పోలేదు.

నల్లులని తట్టకపోవడానికి మా ఆయన కూడా ఒక కారణం. అదే మంచం, అదే పరుపు, ఆయన ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. "నీకే ఏదో ఎలర్జీ" అని తేల్చేశారు.

స్కిన్ డాక్టరు నా మోచేతి కింద ఒకే వరసలో ఉన్న దద్దుర్లు చూసి, పొద్దున లేచేసరికే ఉంటున్నాయా అని అడిగారు. "మందు రాస్తాను గానీ, ముందు ఇంటికెళ్లి పరుపు కుట్లు చూడండమ్మా" అన్నారు. మా ఆయన సంగతి చెబితే నవ్వారు. కుట్టేటప్పుడు నల్లి వదిలే లాలాజలానికి ఒక్కొక్కరి ఒళ్లు ఒక్కోలా స్పందిస్తుందట. కొందరికి ఏమీ తేలదు, కొందరికి కొన్ని రోజులు పోయాక గానీ దద్దురు లేవదు. అంటే ఆయన్నీ కుడుతూనే ఉన్నాయన్నమాట. అప్పుడు ఆయన మొహం చూడాల్సింది.

ఇంటికొచ్చి ఫోన్ టార్చి వేసి, పాత ఏటీఎం కార్డుతో పరుపు అంచు కుట్టుని వెనక్కి తిప్పాను. నల్లటి చిన్న చుక్కలు. తడి దూది అద్దితే తుప్పు రంగు పాకింది. అది అరిగిన రక్తం, వాటి రెట్ట. పక్కనే పల్చటి పొట్టు, పెరిగేటప్పుడు విడిచిన కుబుసాలు. మంచం తలవైపు స్క్రూ సందులో కార్డు మూలతో గీకితే కందిబద్దంత నల్లి ఒకటి బయటికొచ్చి పరుగు తీసింది. నలపగానే అత్తయ్య ముక్కు మూసుకుని "నల్లి కంపే ఇది, చిన్నప్పుడు మా నవారు మంచాల్లో ఉండేవి" అన్నారు. మా మరిది హాస్టల్ ఖాళీ చేసి తెచ్చిన పరుపు ఆ గదిలోనే చుట్టి పెట్టి ఉంది. విప్పితే అందులో ఇంకా ఎక్కువున్నాయి.

వీటి వల్ల జబ్బులేమైనా అంటుకుంటాయా అన్నదే నాకు పెద్ద టెన్షన్. దోమలు మలేరియా, డెంగీ తెచ్చినట్టు నల్లులు మనుషులకు జబ్బులు తెస్తాయనడానికి రుజువు లేదన్నారు డాక్టరు. అలాగని తేలిగ్గా తీసుకునేదేం కాదు. అత్తయ్యకి షుగర్. పిక్క మీద గోకి గోకి పుండు పడి, చీము పట్టి యాంటీబయాటిక్ దాకా వెళ్లింది. గోళ్లు పొట్టిగా కత్తిరించమన్నారు, దురదకి మాత్ర ఇచ్చారు, పైన రాయడానికి కాలమైన్ లోషన్. మరీ ఎక్కువగా ఉన్న ఇళ్లలో రక్తహీనత కూడా వస్తుందట.

నన్ను దెబ్బ తీసింది మాత్రం నిద్రలేమి. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌నీ ఒంటి వేడినీ పసిగట్టి, ఎక్కువగా తెల్లవారుజామున వస్తాయని తెలిశాక ఆ వేళకి నిద్రే పట్టేది కాదు. లైటు వేసుకుని కూర్చునేదాన్ని. ఆఫీసులో లెక్కలు తప్పేవి, ఇంట్లో అందరి మీదా కసురుకునేదాన్ని. చుట్టాలొస్తామంటే ఏదో వంక చెప్పేదాన్ని, పరువు పోతుందని. నిజానికి శుభ్రానికీ నల్లులకీ సంబంధం తక్కువ. సామానుతో పాటు ఏ ఇంటికైనా వచ్చేస్తాయి.

ఇక సలహాలు. పక్కింటి పిన్నిగారు కిరసనాయిలు పొయ్యమన్నారు. చెక్కమంచం, పక్కనే స్విచ్‌బోర్డు, వద్దన్నాను. ఇంకొకాయన ధాన్యంలో పెట్టే పురుగుమందు బిళ్లలు గదిలో పెట్టి తలుపేసుకోమన్నారు. అల్యూమినియం ఫాస్ఫైడ్ అది. దాన్నుంచి వచ్చే ఫాస్ఫీన్ గ్యాస్ పక్క గదుల్లోకీ పాకి మనుషుల ప్రాణాలే తీస్తుంది. ఎవరు చెప్పినా ఇంట్లోకి రానివ్వకండి.

పెస్ట్ కంట్రోల్ అని మొదట పిలిచినవాళ్లు పరుపు పైన కాస్త మందు కొట్టి డబ్బు తీసుకుని వెళ్లిపోయారు. వారం తిరక్కుండా మళ్లీ మొదలు. తర్వాత వచ్చిన కుర్రాడు పనిమంతుడు. మంచం స్క్రూలన్నీ విప్పించాడు, స్విచ్‌బోర్డు మూతలు, కర్టెన్ మడతలు, సోఫా అడుగు చూశాడు. ఇళ్లలో మామూలుగా కొట్టే పైరెత్రాయిడ్ రకం పురుగుమందులకి నల్లులు చాలాచోట్ల లొంగట్లేదని, రకం మార్చి కొట్టాడు. గుడ్లు వారం పది రోజుల్లో పొదుగుతాయి, మందు వాటి మీద సరిగా పనిచెయ్యదు, అందుకే రెండు వారాలకి మళ్లీ రావాలన్నాడు.

ఈలోపు దుప్పట్లు, గలీబులు అన్నీ మెషీన్‌లో 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతికాం. పరుపుని డాబా మీద ఎండలో వేస్తే అవి నీడవైపు సందుల్లోకి జారుకున్నాయి. అందుకని కుట్ల వెంబడి స్టీమ్ పట్టించాం. మరిది పరుపుని మాత్రం కత్తితో కోసి, "నల్లులున్నాయి, తీసుకోవద్దు" అని మార్కర్‌తో రాసి చెత్తబండికి ఇచ్చాం.

ఓనరుగారికి చెబితే "మా ఇంట్లో ఎప్పుడూ లేవమ్మా" అన్నారు. అదే సాయంత్రం కింద పోర్షన్ ఆవిడ మెట్ల దగ్గర ఆపి, గొంతు తగ్గించి ఆ కుర్రాడి నంబరు అడిగారు. వాళ్లకీ ఉన్నాయట, ఎప్పటినుంచో. రెండోసారి వచ్చినప్పుడు రెండు పోర్షన్లూ ఒకేసారి చేయించాం. ఒక్కింట్లో చేస్తే గోడ సందుల్లోంచి ఇంకో ఇంట్లోకి పోతాయి.

అత్తయ్య పుండు మానింది. ఏమీ లేకపోయినా పడుకోగానే నాకు ఏదో పాకినట్టు ఉండడం చాన్నాళ్లు పోలేదు. పరుపుకి జిప్ కవర్ వేశాం. తిండి లేకుండా నెలల తరబడి బతికేస్తాయి కాబట్టి ఏడాది దాకా విప్పొద్దన్నాడు ఆ పెస్ట్ కంట్రోల్ కుర్రాడు. మా మరిది ఊరెళ్లొస్తే బ్యాగు బాల్కనీలోనే ఖాళీ చెయ్యాలి, బట్టలు నేరుగా మెషీన్‌లోకే. మొదట్లో సణిగాడు గానీ, ఇప్పుడు అలవాటైపోయింది.