కాంటాక్టు షీటు చదవడం నేర్చుకున్న విధం

ఫిల్ము మీద పోర్ట్రెయిట్లు తీయడంలో నాకు తెలిసిందంతా నేను ఎంచుకున్న ఫొటోల నుంచి కాక, పక్కన పెట్టిన ఫొటోల నుంచే తెలిసింది. 35 మి.మీ. రీలులోని 36 ఫ్రేములను ఆరేసి చొప్పున ఆరు ముక్కలుగా కత్తిరించి, ఫొటో కాగితానికి ఆనించి వెలుతురు పారిస్తే, 8×10 అంగుళాల కాగితం ఒక్కదాని మీదే అన్నీ చిన్న బొమ్మలుగా పడతాయి; అదే కాంటాక్టు షీటు. అంచున ఉండే అంకెల వల్ల వరుస చెడదు. ఒక మనిషి ఎదుట నేను ఎక్కడ మొదలుపెట్టానో, ఎప్పుడు దగ్గరికి జరిగానో, ఎక్కడ తొందరపడ్డానో, ఎక్కడ ఆగానో ఆ కాగితం మీద క్రమం తప్పకుండా ఉంటుంది. ఆ వరుసను చదవడానికి విశాఖపట్నంలో నేను అలవరచుకున్న పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను.

షీటులో కనిపించే తేడా నా చూపు వల్ల వచ్చిందో, రసాయనం వల్ల వచ్చిందో తెలియకపోతే దాని నుంచి నేర్చుకునేది ఏమీ ఉండదు. అందుకని ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ అనే నలుపు-తెలుపు ఫిల్ము, 85 మి.మీ. లెన్సు, కొడాక్ డీ-76 డెవలపరు (ఫిల్ము మీది బొమ్మను పైకి తేల్చే రసాయనం) తప్ప మరొకటి ముట్టకూడదని నియమం పెట్టుకున్నాను. డీ-76లో సమానంగా నీళ్లు కలిపితే ఈ ఫిల్ము కడగడానికి 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు పడుతుంది. మన ఊళ్లో వేసవిలో కుళాయి నీళ్లే 30 డిగ్రీల దాపున ఉంటాయి. వేడి పెరిగేకొద్దీ డెవలపరు వేగంగా పనిచేస్తుంది కనుక 24 డిగ్రీలకే సమయాన్ని సుమారు మూడో వంతు తగ్గించాలి; ఇంకా పైకి పోతే అది ఐదు నిమిషాల లోపుకు దిగి, ఫిల్ము అంతటా ఒకేలా తేలకుండా పోయే ప్రమాదం ఉంది. కాబట్టి వెడల్పాటి టబ్బులో ఐసు వేసి, డెవలపరు, హైపో (తేలిన బొమ్మను నిలబెట్టే ద్రావణం) సీసాలను అందులో నిలబెట్టి, థర్మామీటరు 20 చూపేదాకా ఆగుతాను. ఈ ఓపిక లేకపోతే ఏప్రిల్ షీటునూ డిసెంబరు షీటునూ పక్కపక్కన పెట్టి పోల్చడంలో అర్థం ఉండదు.

షీటు వేయడానికి కూడా ఒక కొలత ఉంది. చిల్లుల దగ్గర బొమ్మ పడని ఫిల్ము అంచు కాగితం మీద పూర్తి నలుపుగా మారడానికి చాలినంత కనీస సమయం ఎంతో ముందుగా పరీక్షించి తెలుసుకున్నాను; ప్రతి షీటునూ అంతే సమయానికి వేస్తాను. అప్పుడు వెలుతురు చాలని ఫ్రేము నల్లగానూ, ఎక్కువైన ఫ్రేము తెల్లగానూ పడి, ఎక్స్‌పోజరు సంగతి, అంటే ఫిల్ము మీద ఎంత వెలుతురు పడిందో, దాచకుండా చెబుతాయి.

ఇలా వేసిన షీట్లను వరుసగా పరిచి చూసినప్పుడు మొట్టమొదట తేలింది వెలుతురు విషయం. విశాఖ సుమారు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏడాదిలో చాలా నెలలు మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు నడినెత్తినే ఉంటాడు. మబ్బు పట్టిన రోజున కూడా వెలుతురు ఎక్కువగా పైనుంచే దిగుతుంది. ఆరుబయట తీసిన ముఖాలన్నిటిలోనూ కనుబొమల కింద నీడ నిండి, కళ్లు లోపలికి పోయినట్టు కనిపించాయి. గుమ్మం దగ్గర తీసిన ముఖాలు మాత్రం వేరుగా ఉన్నాయి. గుమ్మానికి మూరెడు లోపల పీట వేసి కూర్చోబెడితే పైనున్న ఆకాశాన్ని కప్పు అడ్డుకుంటుంది. వీధి నుంచీ, ఎదురింటి గోడ నుంచీ తిరిగి వచ్చే మెత్తని వెలుతురు నేరుగా ముఖం మీద పడుతుంది. వెనుకనున్న గది దానంతట అదే చీకటైపోతుంది. పాత పోస్టాఫీసు వైపు ఇళ్లలోనూ, కంచరపాలెంలోనూ ఇదే నా స్టూడియో అయింది. పెద జాలరిపేటలో సముద్రం వైపు తిరిగిన గుమ్మాల్లోకి పొద్దున్నే ఎండ సూటిగా వస్తుంది కనుక, అక్కడ సూర్యుడు ఇంటి కప్పు మీదికి వచ్చేదాకా ఆగాలి.

రెండో విషయం చర్మపు రంగు. కెమెరాలో వెలుతురును కొలిచే మీటరు తన ముందున్నది ఏదైనా మధ్యరకం బూడిద రంగేనని లెక్క వేస్తుంది. చామనఛాయ ముఖాన్ని అది ఉన్నదానికంటే తెల్లగా చేయాలని చూస్తుంది. అదే మనిషి తెల్లని నూలు చీర కట్టుకుంటే, చీరను చూసి ముఖాన్ని చీకట్లోకి నెట్టేస్తుంది. అరచేతుల రంగులో మనుషుల మధ్య తేడా తక్కువ. అందువల్ల నా అరచేతిని వాళ్ల ముఖం పక్కన, అదే వెలుతురులో పట్టుకుని కొలిచి, మీటరు చెప్పినదానికంటే ఒక స్టాపు ఎక్కువ, అంటే రెట్టింపు వెలుతురు ఇస్తాను. నల్లని జుట్టు పాయలు విడివిడిగా కనిపించడమూ, ముఖం తన అసలు ఛాయలో నిలవడమూ ఈ పద్ధతి వల్లనే సాధ్యపడ్డాయి. ముఖాన్ని తెల్లగా తేల్చడమే మంచి పోర్ట్రెయిట్ అనే అలవాటును నేను ఒప్పుకోను.

అయితే ఈ అరచేతి కొలత నేను ఊహించని మరో సంగతి తెచ్చిపెట్టింది. ఫ్రేము సంఖ్య, ఎపర్చరు (లెన్సు తెరిచిన మేర), షట్టరు వేగం, మధ్యలో జరిగిన పని అన్నీ నోటుపుస్తకంలో రాస్తూ ఉంటాను. షీటును ఆ రాతతో కలిపి చదివితే, ప్రాణమున్న ముఖాలు తరచుగా కొలత తీసుకున్న వెంటనే వచ్చిన ఫ్రేముల్లోనే కనిపించాయి. ముఖం పక్కన చెయ్యి పెట్టగానే ఎవరైనా ఎందుకని అడుగుతారు. "అదేటి బాబూ, చెయ్యెట్టి చూస్తన్నావు?" అని ఒక చేపలమ్మే అమ్మ అడిగింది, చెప్పగానే తన అరచేతినీ తిప్పి చూసుకుంది. అలా అడిగిన మనిషి కళ్లలో నా పని మీద ఆసక్తి ఉంటుంది, అప్పటిదాకా ఉన్న బిగుసుకుపోయిన ఓర్పు పోతుంది. ఇప్పుడు వెలుతురు మారకపోయినా రీలు మధ్యలో మళ్లీ లేచి వెళ్లి కొలుస్తాను.

తీసిన రీలును వెంటనే కడగను. అమెరికన్ ఫొటోగ్రాఫరు గ్యారీ వినోగ్రాండ్ తీసిన నాటి ఉత్సాహం తన తీర్పును ప్రభావితం చేయకూడదని కావాలనే ఆలస్యం చేసేవారు. 1984లో ఆయన మరణించేనాటికి 2,500 దాకా కడగని రీళ్లు మిగిలిపోయాయి. అంత ఆలస్యం నాకు అక్కర్లేదు గానీ, కొన్ని వారాలు ఆగితే నా షీటును నేనే కొత్తగా చూడగలుగుతున్నాను. సముద్రపు తేమ ఉన్న ఊరు కనుక ఆ రీళ్లు గాలి చొరని డబ్బాలో, ఫ్రిజ్‌లో ఉండాలి.

షీటు మీద నేను ఎర్ర పెన్సిలుతో గుర్తు పెడతాను. ఆ తర్వాత దాన్ని ఫొటో దిగినవారి ఇంటికి తీసుకువెళ్లి, భూతద్దమూ నీలి పెన్సిలూ చేతికిస్తాను. ఆ చేపలమ్మే అమ్మ నా గుర్తులన్నీ దాటుకుంటూ పోయి, తట్ట అంచు పట్టుకున్న రెండు చేతులూ కనిపించే ఫ్రేము మీద గీత గీసింది. మిగతా ఇళ్లలో కూడా నీలి గీతలు ఎక్కువగా చేతులున్న ఫ్రేముల మీదే పడ్డాయి. అప్పటినుంచి ఒక అడుగు వెనక్కి జరిగి, ఒడిలో చేతులు కూడా పడేలా తీస్తున్నాను. ఎరుపు, నీలం గుర్తులు కలిసిన ఫ్రేమును పెద్ద కాగితం మీద ప్రింటు వేసి వాళ్లకిస్తున్నాను.